పెట్టె

సజ్జా అంటే మా దిక్కు
కిటికీ మీద నీడకోసం పోసే పలక.
షార్జా పక్కనున్న ఈ సజ్జాకు ఆ సంగతి తెల్వదు.
ఇక్కడ సిమెంటు పొగే మబ్బు,
ఇనుప మంచం తెల్లారుజామున కూడ చురుక్కుమంటది.

గది నంబరు ఇరవై మూడు. ఎనిమిది మంచాలు.
ఊర్లె ఎన్నికలు పడ్డయి.

ఓదెలుకు ఒక్కటే మాట.
బామ్మర్ది శవం నలభై ఒక్క రోజులు
మార్చురీల ఒక నంబరై పండుకున్నది.
దినాలు, పిండాలు, అన్నీ ఫోటోకే చేసిన్రు.
"పెట్టెను వారంల ఇల్లు చేర్చేటోనికే
మా ఇంటి నాలుగు ఓట్లు.
వాడు దొంగైనా సరే, దేవుడైనా సరే.
మిగతాది నన్ను అడగకున్రి."

మొగిలికి అన్నీ మాటలే.
ఒక పార్టీ జెండా రంగు పలచనైందని విడిచిండు,
ఇంకొకటి పొత్తు కలిసిందని.
మూడోది తనే పెట్టిండు, అండ్ల నలుగురుండిరి,
ముగ్గుర్ని తీసేసిండు.
ఇప్పుడు సభ్యుడు ఒక్కడే,
ఆయన మీద కూడ విచారణ నడుస్తున్నది
రాత్రిళ్లు, పై మంచం మీద, నిద్ర పట్టక.

నేను ఏసీలు బాగుచేస్తా.
దుమ్ము రవ్వ కూడ దూరని జాలీల
గాలి కూడ దూరదు, మోటరు కాలిపోతది.
ఈ మాట మొగిలికి చెప్పిన.
"అయితే జాలీ తీసేసి సిమెంటు పీల్చు" అన్నడు.
దానికి నా దగ్గర జవాబు లేకుండె.

తమాషా ఏందంటే
గిన్నె కాడ ఆయనకు ఏ పట్టింపూ లేదు.
బంగ్లా పిలగాని చేపల పులుసు, పఠాను రొట్టె,
నేను మాడగొట్టిన పప్పు,
అన్నీ ఒక్క పళ్లెంలనే.

ఓదెలు దరఖాస్తు రాసింది కూడ మొగిలే.
నాలుగు పార్టీలకు నాలుగు కాగితాలు, ముత్యాలసొంటి అక్షరాలు.
ఒక్కదాని మీద కూడ
'గౌరవనీయులైన' అని రాయలే.

ఒక్కడు ఒప్పుకున్నడు. ఇసుక లారీలోడు.
గెలిచిండు.
పక్క క్యాంపుల గుండె ఆగిన దేవిదాసు పెట్టె
తొమ్మిదో రోజుకు ఇల్లు చేరింది.
ఓదెలు మిఠాయి డబ్బా తెచ్చిండు,
చావుకు మిఠాయేందని మళ్ల మూత పెట్టిండు.
చీమలు తిన్నయి.

ఎండకాలం ఆయన పెండ్లాం ఫోను జేసింది.
వాగుల ఇసుకంత పోయిందట, బోరు మూలుగుతున్నదట,
రాత్రి లారీల చప్పుడుకు బర్రె ఈసుకపోయిందట.
"నేనడిగింది ఒకటి, వాడిచ్చింది ఒకటి.
మిగతాది అడగకున్రి అన్నది నేనే గద"
అని గోడ దిక్కు తిరిగిండు.

మొగిలి నవ్వుతడనుకున్న. నవ్వలే.
చేతులు చూసుకున్నడు.
ఎవ్వనికీ ఓటెయ్యని చేతులు, సాఫుగున్నయి,
ఇంకా అన్నం కలపని చేతుల లెక్క.

నా సంగతి అడుగుతరా?
జాబితాల నా పేరు కొట్టేసి రెండు ఎన్నికలైంది.
ఊర్లె కనబడనోడు చచ్చినోని కిందనే లెక్కట,
పెట్టె లేకుండనే.

నిన్న రాత్రి దూపకు లేచిన.
మొగిలి ఫోను వెలుతురుల కాగితం రాస్తున్నడు
ఆ ఇసుక లారీలోనికే, వాగు గురించి.
పైన ఒక మాట పట్టేంత జాగ విడిచిండు.
పెన్ను ఆడనే తిరుగుతున్నది, ఆనుతలేదు.
నేను నీళ్లు తాగి
మళ్ల పండుకున్న.