పదమూడు నుంచి పంతొమ్మిది

పాట ఎవరి కోసం అని కాగితం మీద ఒక గడి.
వేలి గోరంత ఉంటుంది.
13–19 అని రాసేసి
టీకి కిందికి దిగాను.

అరండల్‌పేట మెట్ల మీద, మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య
లెక్కేసుకుంటే తేలింది,
ఆ వయసువాళ్లతో మాట్లాడి
నాకు నాలుగేళ్లు దాటింది.

నేను ఆ అంకెల్లో ఉన్నప్పుడు
కొత్తపేటలో క్యాసెట్ల కొట్టు ముందు నిలబడి
చెప్పు తెగినట్టు వంగి
రెండు చరణాలు విని, కొనకుండా పోయేదాన్ని.
ఆ కొట్టాయన
నన్ను ఏ గడిలో రాసుకున్నాడో.

నిర్మాత నరసింగరావు గారిది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు.
పాడింది వాళ్ల చిన్నబ్బాయి.
"కుర్రకారుకి తగలాలమ్మా" అని
మాట మధ్యలో రెండుసార్లు తుమ్మారు.

యార్డులోనే మొదలుపెట్టాను.
సంచులు కుట్టే దావీదుకి పదిహేడు.
మూతికి కట్టుకున్న తుండు కిందికి లాగి చూశాడు.
ఫోను అందిస్తే తీసుకోలేదు.
"నువ్వే పట్టుకో అక్కా,
నా చెయ్యి తగిలిందంటే రాత్రికి నీ కళ్లు మండుతాయి."
హీరో బండి మలుపు తిరుగుతుంటే
"ఆ మోడలు ఆయిల్ కారుద్ది" అన్నాడు.
పాట గురించి ఏమీ అనలేదు.
దబ్బనం మళ్లీ గోనెలోకి దిగింది.

లాడ్జి సెంటర్లో బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు పాలిటెక్నిక్ అమ్మాయిలు
అడక్కుండానే వేగం రెండింతలు చేసుకున్నారు.
మూడు నిమిషాల నలభై సెకన్లు
నిమిషం యాభైలో అయిపోయింది.
పదకొండు రాత్రులు కూర్చుని కోశాను దాన్ని.
"బాగుందాంటీ" అన్నారు.
ఆంటీ దగ్గర
నాకు వేగం కాస్త తగ్గింది.

ఆదివారం, విద్యానగర్‌లో హాస్టల్ గేటు బయట
చెట్టు నీడకి చాపలు.
రెండింటి నుంచి నాలుగు దాకా అమ్మానాన్నలు,
ఆ రెండు గంటలే అమ్మ ఫోను.
జెస్సీ ప్రమీల, బైపీసీ రెండో ఏడు,
నా వీడియో చూడ్డానికి
తన రెండు గంటల్లోంచి నాలుగు నిమిషాలు తీసిచ్చింది.
మామూలు వేగంలోనే చూసింది.
చూసి అడిగింది,

"ఈ పిల్ల వానలో ఎందుకేడుస్తోంది?"
బాధేసి.
"బాధేస్తే వాన వచ్చేదాకా ఆగుద్దా?"

పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని,
రుచి గురించి చెప్తున్నట్టే చెప్పింది:
"మా ఫ్లోర్లో అయితే బాత్రూంలోకెళ్లి
కుళాయి పూర్తిగా తిప్పుతాం.
బకెట్ నిండేలోపు అయిపోవాలి.
బయట ఇంకొకళ్లుంటారు, బకెట్ పట్టుకుని."

వాళ్లమ్మ
అన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు.
కలిసిపోయిన అన్నాన్నే
కలుపుతూ ఉంది.

ఆ రాత్రి వాన తీసేశాను.
ట్యాంకరుకి పద్దెనిమిది వేలు పోశాం ఆ వానకి,
గొడుగులు పట్టిన కుర్రాళ్ల బిర్యానీలు వేరే.
దాని చోట మా ఇంటి నీలం బకెట్.
మొదట అడుగున మోత,
నిండేకొద్దీ గొంతు సన్నబడుతుంది నీళ్లకి,
అంచుకొచ్చేసరికి ఏమీ వినపడదు.
నలభై ఒక్క సెకన్లు.
అబ్బాయి గొంతు అక్కడ ఆపేశాను.
తిడతాడేమో. తిట్టనీ.

గడిలో అంకెలు కొట్టేసి
బకెట్ నిండేలోపు అయిపోవాల్సినవాళ్లు, అని రాశాను.
సగం గడి దాటి పక్కనున్న బడ్జెట్‌లోకి పోయింది.

నరసింగరావు గారు కళ్లజోడు పైకి తోసి
ఒకసారి చదివారు, మళ్లీ చదివారు.
ఇంట్లో మనవరాలుంది, పదహారు.
ఏదో అడగబోయి
అలవాటైన మాటే అడిగారు:

"వీళ్లు ఎన్ని టిక్కీలుంటారమ్మా?"