అయినట్టే

బెర్గెన్‌లో వాన పడని రోజును
జనం చాన్నాళ్లకొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తారు.
ఆవేళ చుట్టం రాలేదు.
రేవు పక్క మేడలో, మూడో అంతస్తులో
తొమ్మిదింపావుకి ఏడుగురం నిలబడ్డాం.

నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, అడ్డేమిటి.
చెప్పేది ఒకరికొకరు కాదు,
కిటికీ దగ్గర కాఫీ కప్పుతో ఉన్న నాకు.
నేను తలూపేదాన్ని.
ఊపిన ప్రతిసారీ అక్కడ ఒక మాట ఆగిపోయేది.
ఈ సంగతి తెలియడానికి పద్నాలుగు నెలలు పట్టింది,
అదీ నా తెలివితో కాదు:
మెడ పట్టేసి వారం రోజులు తలూపలేకపోయాను,
వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

గోడ నిండా పసుపు చీటీలు.
తేమకి జిగురు వదిలి రాత్రిళ్లు రాలేవి.
పొద్దున్నే ఊడ్చే ఆవిడ ఏరి
తోచిన గడిలో అంటించి పోయేది.
రెండుసార్లు ఆవిడ పుణ్యాన
మా పని గడువుకి ముందే పూర్తయింది.
ఎవ్వరూ పోల్చుకోలేదు. నేనూ.

ఒక్క చీటీ మాత్రం రాలకుండా, కదలకుండా
ఐదు స్ప్రింట్లు అక్కడే ఉంది:
పడవ మీద టికెట్ చదివే యంత్రం.
ఎంతవరకొచ్చింది ఐవిన్?
"అయినట్టే."

అయింది అంటే అయింది.
కాలేదు అంటే కాలేదు.
ఈ రెంటి నడుమ "అయినట్టే" అనే ఇంట్లో
పక్షం రోజులు అద్దె కట్టకుండా కాపురముంటాయి,
పిల్లల్ని కూడా కంటాయి.

అంచనాల రోజు ముక్కలు తిప్పాం.
ఐవిన్ మూడు. తూర్‌బ్యోర్గ్ ఇరవై.
పాత నేనైతే కలిపి, సగం చేసి,
పదకొండున్నరని రాసుకుని ఇంటికెళ్లేదాన్ని.
సగటంటే ఇద్దరి నోళ్లూ ఒకేసారి మూసే చెయ్యి.
"ఇరవై ఎందుకు?" అన్నాను.
చాలాసేపు ముక్క అంచు గోటితో గీకింది.
"మా నాన్న ఫెర్రీలో టికెట్లు చూసేవాడు.
చేతికి తొడుగు ఉంటుంది.
తొడుగు తడిగా ఉంటుంది."
అంతే చెప్పింది.

మర్నాడు మీటింగ్ మానేసి పడవెక్కాం.
ఓడ్వార్ అనే పెద్దాయన
మా యంత్రాన్ని తొడుగు చేత్తో నొక్కాడు. మళ్లీ నొక్కాడు.
తొడుగు పళ్లతో పీకి, వేలు ప్యాంటుకి తుడిచి నొక్కాడు.
ఈలోగా తెర మీద చినుకులు
వాటికి కావలసిన ఊళ్లకి టికెట్లు కొట్టుకుంటున్నాయి.
వెనక నలభై కార్లు, ఒక పాల ట్యాంకరు,
ఏ కారులోనో గుక్కపట్టిన పసిబిడ్డ.
ఆయన తిట్టలేదు.
జేబులోంచి పెన్సిలు ముక్క తీసి
నాలుగు కార్లకి నాలుగు నిలువు గీతలు,
అయిదోదానికి అడ్డగీత.
"పాత యంత్రమూ ఇంతే. మీవాళ్లకి చెప్పాను," అన్నాడు.
ఎవరికి చెప్పాడో, ఏ చీటీకి ఎక్కిందో,
ఏ రాత్రి రాలిందో.

తిరుగు పడవలో ఐవిన్ నోరు మెదపలేదు.
రేవు దీపాలు కనబడ్డాక
"నా బల్ల మీద వాన పడదు కదా," అన్నాడు.
గంటన్నర గదిలో కూర్చుని, రంగు పెన్నులు పంచుకుని
చేసిన రెట్రోస్పెక్టివ్ ఒక్కటీ
ఆ మాటంత దూరం వెళ్లలేదు.

తర్వాత అంతా బాగుపడిందని రాయలేను.
వేగం గ్రాఫు సగానికి పడింది.
ఓస్లో నుంచి ఫోనొచ్చింది.
ఈ సగం నిజం, ఆ మొత్తం కాకిలెక్క అని
రెండు మీటింగుల్లో చెప్పాను; నమ్మారో లేదో.
సున్నివా ఉద్యోగం మానేసింది,
రోజూ నిలబడి సంజాయిషీ ఇవ్వడం తనవల్ల కాదని.
సంజాయిషీ కాదన్నాను.
నువ్వు కాదంటే కాకుండా పోతుందా, అంది.
దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

గోడ మీద చివరి గడికి మాత్రం పేరు మారింది.
'పూర్తయింది' కొట్టేసి తూర్‌బ్యోర్గ్ రాసింది:
'ఓడ్వార్ తొడుగు తియ్యలేదు.'

మొన్న కొత్తగా చేరిన కుర్రాణ్ణి అడిగాను,
పని ఎంతవరకొచ్చిందని.
"అయిన..." అని, గోడ వైపు చూసి,
మిగతా మాట మింగేసి,
కొక్కేనికున్న వాన కోటు తీసుకుని
మెట్లు దిగాడు.