హమ్ పోలేదు

బాదేపల్లి రైల్వే గేటు దగ్గర
రెండు షట్టర్ల దుకాణం నాది.
ఒకదాంట్ల రిపేరు, ఇంకోదాంట్ల డీజే డబ్బాలు.
పద్దెనిమిదేండ్లు
మనుషుల ఛాతీల మీద బేసుతోని గుద్ది బతికిన.
గోడ సున్నం రాలితేనే మంచి పాట.
పెండ్లికొడుకు మేనమామ చెప్పులిడిసి ఎగిరితేనే
మంచి పాట.
ఇంకో లెక్క నాకు తెల్వదు.

తహసీనా మేడం ఆటోల వచ్చింది,
ఒళ్లె పసిపోరని పట్టుకున్నట్టు టేపురికార్డరు.
కాలేజీల ఫిజిక్స్ చెప్పి రిటైరైంది.
సంచిల నలభై క్యాసెట్లు,
మీద ఉర్దూల సన్నటి అక్షరాలు.
"బెల్టు జారుతుంది కావచ్చు, చూడు కురుమయ్యా."

బెల్టు మార్చిన. హెడ్డు తుడిచిన.
పరీక్షకని ఒకటి ఎక్కించిన.

ముసలాయన గొంతు.
ఒక్క స్వరం పట్టుకొని నిలవడ్డడు.
కదలడు.
బురదల దిగవడ్డ బండి లెక్క
చక్రాన్ని అక్కడక్కన్నే తిప్పుతున్నడు.
బెల్టు ఇంకా జారుతుందనుకొని మళ్ల విప్పిన.
గడియారం పెట్టి కొలిచిన.
స్పీడు సరిగ్గనే ఉంది.
మనిషే నిదానం.

ఎల్లేశు గాడు నవ్విండు:
"ఈయనకు దరువు ఎప్పుడొస్తదే అన్నా?"
చాయ్ తెచ్చేలోపల వస్తదన్న.
చాయ్ వచ్చింది, తాగినం,
గిలాసలు ఆరినయ్.
దరువు రాలే.

ఆయన గొంతెనుక ఇంకోటి,
గుంయ్‌మని, ఆగకుండ,
ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలవడ్డట్టు.
దాని సంగతి నాకెర్కే. హమ్.
మా పనిల అది రోగం.
కెపాసిటర్లు మార్చిన.
ఎర్త్ వైరు నీళ్ల పైపు దాంక గుంజి కట్టిన.
పొద్దుమీకేదాంక కుస్తీ.
పోలే.

మేడం వచ్చినంక తల గోక్కుంట చెప్పిన:
"అంత మంచిగైంది గని, హమ్ పోతలేదు."
వింది. కండ్లద్దాలు తీసి
దుపట్టతోని కండ్లొత్తుకునేంత నవ్వింది.
"అది తంబురా, కురుమయ్యా.
ఆయన దాని మీదనే నిలవడ్డడు.
తీసేస్తె పడిపోతడు."

ఆ రాత్రి షట్టరు సగం దించిన.
పాట షురువుగాక ముందు జరంతసేపు
హమ్ ఒక్కటే ఉంది.
దాన్నే ఎనక్కి తిప్పి తిప్పి విన్న.
తీగలు నాలుగే.
ఎవ్వరూ మీటని ఐదోది ఒకటి
పైన తేలుతుంది,
పల్లికాయ పగలకముందే
వాసన వచ్చినట్టు.

ఇంకో వారం ఇంకో క్యాసెట్. పేరు లేదు.
హైదరాబాద్‌ల పాతసామాన్ల అంగడిల దొరికిందట.
పియానో తీగల నడుమ మేకులు, రబ్బరు ముక్కలు
ఇరికించి వాయించిండ్రట.
టక్.
చాలసేపు ఏం లేదు.
ఇనుప బకెట్ బాయిల జారినట్టు ఒకటి.
మళ్ల ఏం లేదు.
"ఇది మాత్రం ఖరాబే" అన్న, ధీమాగ.
మేడం నవ్వలే.
"ముప్పై ఏండ్ల సంది వింటున్న.
నాక్కూడ తెల్వదు."

ఇద్దరం తెల్వనోళ్లమై
రెండు స్టూళ్ల మీద కూసున్నం.
ఏం లేని కాడికి
కాచిగూడ పోయే గూడ్సు వచ్చింది.
గేటు గంట.
దూరంల ఎవరిదో బోరు బండి,
నీళ్లు తగలని ఆరొందల ఫీట్ల కాడ
రాడ్ల కీచు.
టేపు ఏడ ఆగిందో నేను చూడనే లేదు.
"కరెంటు పోయిందా అన్నా?" అన్నడు ఎల్లేశు,
సెల్లుల మొఖం పెట్టి.

అన్నీ నచ్చినయని అబద్ధం చెప్ప.
ఒక వయొలిన్ టేపుకు కుర్చీలనే నిద్రపోయిన.
తబలా వచ్చిన కాడ ఇప్పటికీ
తప్పు జాగల తలూపుత.
మేడం చూడనట్టు చేస్తది.

మొన్న మిడ్జిల్ బారాత్‌ల
రెండు పాటల నడుమ
ఎందుకో నా చెయ్యి ఆగింది.
ఏడు సెకన్లుంటదేమో.
జనరేటర్ గుంయ్‌మంది.
పెండ్లిపిల్ల గాజులు సర్దుకుంది.
ఎగిరేటోళ్ల ఊపిరి, అందరిది, ఒక్కపారి.
పద్దెనిమిదేండ్లల్ల
ఆ ఊపిరి నేనెన్నడు వినలే.
ఎనిమిదో సెకనుకు మేనమామ నా అంగి పట్టుకున్నడు.
ఐదొందలు కోసుకున్నరు.
కోసుకోని.

మేడానికి బిల్లు రాసిచ్చిన:
బెల్టు నూటయాభై.
హెడ్డు ఎనభై.
హమ్ పోలేదు. పైసలు లేవు.

పేరు లేని క్యాసెట్ ఇంకా నా సొరుగులనే,
ఫ్యూజుల డబ్బ పక్కన.
ఒక దిక్కే విన్న.
రెండో దిక్కు వానలు వడ్డంక వింట,
షట్టరు మీద చినుకులు టపటపమనంగ.
ఏది ఏదో
ఎల్లేశు అడిగినా చెప్ప.