పెన్సిల్ పద్దు

ముర్గాబ్‌లో గాలికి కరువు.
ఊరి అంచు దాకా వచ్చి
ఏదో మర్చిపోయినట్టు వెనక్కి పోతుంది.

రెండో రాత్రి నా తలలో
ఎవరో లోపల్నుంచి గోడ పగలగొట్టడం మొదలుపెట్టారు.
అద్దంలో పెదాలు నేరేడుపళ్లు తిన్న రంగు.
డ్రైవరు ఇమోమ్‌నజర్ ఏమీ అడగలేదు.
దుప్పట్లో చుట్టి జీపులో కూలేసి
"నిద్రపోకు, పాడు" అన్నాడు.
ఒక్క పాటా గుర్తురాలేదు.
ఎక్కాలు చదివాను.
పదమూడో ఎక్కంలో తప్పిపోయాను.

ఆసుపత్రిలో బల్బు ఒకటి, మంచాలు నాలుగు,
నర్సు బురుల్‌కాన్.
నా వేలికి చిన్న క్లిప్పు తగిలించింది.
అరవై ఎనిమిది.
బడిలో ఆ మార్కులకి నన్నెవరూ తిట్టలేదు.
ఇక్కడ ఆవిడ పరిగెత్తింది.

ముక్కులో గొట్టం, చెవిలో ఫోను.
బీమా కంపెనీ
"మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటూ
నిమిషానికింతని నా దగ్గరే వసూలు చేసి
వేణువు వినిపించింది.
ఇరవై మూడో పేజీలో, చీమ కాళ్లంత అక్షరాల్లో ఉందట:
మూడు వేల మీటర్ల పైన
నేను వాళ్ల మనిషిని కాను.

తెల్లారింది. నిలబడగలిగాను.
బూటు అట్ట కింద మూడు వంద డాలర్ల నోట్లు,
దొంగల కంట పడకూడదని
నెల రోజులు తొక్కుకుంటూ నడిచిన లక్ష్మి.

బజారంటే ఇనప కంటెయినర్ల వరస.
ఒకదాంట్లో ఉల్లిపాయలు, ఒకదాంట్లో చైనా చెప్పులు,
చివరిదాంట్లో డబ్బు మార్చే మమసాలి.
నోటుని ఎండకెత్తి చూశాడు,
పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలా.
మడత దగ్గర గోరంత చిరుగు. వద్దు.
రెండోదాని మీద ఏ గుమస్తాదో నీలం సిరా టిక్కు. వద్దు.
మూడోది చెమటకి మెత్తబడింది.
దాన్ని నా అరచేతిలో పెట్టి
వేళ్లు మూసేశాడు,
జబ్బుమనిషిని పరామర్శించినట్టు.
కార్డు చూపించాను.
కరెంటున్నప్పుడు లైనుండదు,
లైనున్నప్పుడు అతను ఉండడు.

వట్టి చేతుల్తో తిరిగొచ్చేసరికి
బురుల్‌కాన్ ఉప్పేసిన పాలటీలో రొట్టె ముంచుతోంది.
గిన్నె నా వైపు జరిపింది.
నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసింది:
ఆక్సిజన్, రెండు సూదులు, ఒక రాత్రి మంచం.
మొత్తం కలిపినా
నేను విన్న వేణువు కంటే తక్కువ.
"ఖోరోగ్‌లో డబ్బు తీసి వీడికివ్వు.
గురువారం ఎలాగూ వస్తాడు."

పేజీ నిండా పేర్లు.
దువార్తె, సైకిలు, మోచెయ్యి.
హన్నెకె, జ్వరం.
తల్లీ కూతురూ, పేర్లు లేవు, విరేచనాలు.
కొన్నిటి మీద గీత. కొన్నిటి మీద లేదు.
"వీళ్లు?" అన్నాను.
"దిగిపోయారు. గాలి అందింది."
కోపంగా అనలేదు,
మధ్యాహ్నం మంచు పడొచ్చు అన్నట్టు అంది.

గోరంత చిరుగున్న కాగితం చెల్లని ఊళ్లో
నేను చెల్లాను.

దిగాలంటే ముందు ఇంకో కనుమ ఎక్కాలి.
దాని కోసం ఆక్సిజన్ నింపిన రబ్బరు దిండొకటి
అరువిచ్చింది.
పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని
కొంచెం కొంచెంగా తాగాను.

నిజం చెప్పాలి.
జెలొండి దాటాక ఆకలేసింది.
ఇంకో గంటకి ఈల వేశాను.
ఖోరోగ్ ఇళ్లు కనపడేసరికి
ఆ పద్దు నూట ఎనభయ్యా, ఉత్త ఎనభయ్యా
అని సందేహం వచ్చింది.

యంత్రం గరగరమని కొత్త సొమోనీలు దులిపింది.
నూట ఎనభై. రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాను.
ఇమోమ్‌నజర్ ఒక్కసారీ లెక్కపెట్టలేదు.
గాలి పోయిన దిండులో చుట్టి
సీటు కింద పెట్టాడు.

గురువారాలు చాలా గడిచాయి.
నా పేరు మీద గీత పడిందో లేదో.
ఆవిడ నా పేరులో ఒక అక్షరం తప్పు రాసింది.
చూశాను.
అప్పుడు దిద్దలేదు.