ఒక్క గీత

జిగణిలో రాత్రి రెండు దాటింది.
ఏప్రన్ కింద స్వెట్టర్ దాచుకుని
నేనొక శిఖరం కోసం కాచుకుని ఉన్నాను.
కొండ శిఖరం కాదులెండి.
తెర మీద గీతొకటి పాకుతూ పాకుతూ
పదకొండో నిమిషంలో ఉన్నట్టుండి లేచి నిలబడుతుంది, అది.
నిటారుగా లేస్తే మాత్ర మంచిది.
పక్కన చిన్న బుడిపె మొలిచిందా,
రేపు మీటింగు, ఎల్లుండి సంజాయిషీ.

ఇంకా తొమ్మిది నిమిషాలుంది.
మా క్లాసు మొత్తం అందులో పడుతుంది.

అనంతపురంలో ఇరవై రెండు మందిమి,
బెంజీన్ ఉంగరాలు గీసి గీసి
వేలికొక ఉంగరం కొనుక్కోలేకపోయినవాళ్ళం.
ఎలక్ట్రాను ఎటు పోతుందో
కుళ్ళాయప్ప బాణం వేస్తే గురి తప్పేది కాదు.
ఇప్పుడు మారతహళ్ళిలో కూర్చుని
అమెరికా రోగుల జబ్బులకు అంకెలు వేస్తున్నాడు.
"ఎముక విరిగితే ఒక అంకె, కుక్క కరిస్తే ఒక అంకె.
ఎమ్మెస్సీ చదివి ఇక్కడ తేలినోడికి మాత్రం అంకె లేదు" అంటాడు,
నవ్వుతాడు.
నాకంటే ఎనిమిది వేలు ఎక్కువ.

హసీనా పేటెంట్లు చదువుతుంది.
ఒకరు కనిపెట్టిందాన్ని
ఇంకెవరో ముందే కనిపెట్టారని కనిపెట్టడం ఆమె పని.
పరీక్షనాళిక ముట్టి మూడేళ్ళయిందట.
నా వేళ్ళ మీది పసుపు మరకలు చూసి
తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఓబులేసు సంగతి చెప్పను.
సరే, చెప్తాను.
నెట్ పరీక్ష ఒకసారి రెండు మార్కుల్లో పోయింది,
ఒకసారి ఒక మార్కులో.
మూడోసారి హాల్ టికెట్ తెచ్చుకుని వెళ్ళలేదు.
చందాపురలో ఫినాయిల్ కలిపి
స్కూటర్ మీద అపార్ట్‌మెంట్లకు వేస్తాడు.
ప్రతి డబ్బా మీదా చేత్తో పీహెచ్ రాస్తాడు,
ఎవరూ అడగకపోయినా.

"అయ్యో" అని వినబడి తిరిగాను.
తిమ్మరాయ, పావగడ పిల్లోడు, చేరి పదకొండు రోజులు.
పది పాయింట్ సున్నా రెండు బదులు
పది పాయింట్ ఇరవై రాశాడు.
పెన్నుతో నల్లగా కప్పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

ఒక్క గీత చాలు.
కింద తప్పు కనబడాలి, చదవడానికి రావాలి.
పక్కన సరైంది, సంతకం, తేదీ,
ఎందుకు జరిగిందో ఒక్క ముక్క.
ఆడిటర్లకు తప్పు మీద కోపం ఉండదు,
తప్పును పూడ్చిపెట్టినవాడి మీదే.

స్కేలు పెట్టి గీశాడు, గుడికి సున్నం కొట్టినంత భక్తిగా.
తర్వాత నెమ్మదిగా,
"అక్కా, కెమిస్ట్రీలో ముందుకి ఏమన్నా ఉందా?"

ఇదే మాట మా పీజీ ఓనరమ్మా అడిగింది.
మందుల కంపెనీ అంటే
తలనొప్పికి రెండు మాత్రలు తెమ్మంది.
వీడికేం చెప్పాలి?
జీతం పెరిగిన తేదీలు చెప్పాలా,
రెండే కాబట్టి నోటికొచ్చు.
సాల్వెంట్ వాసన నాతో పాటు బస్సెక్కి
పక్క సీట్లో కూర్చుంటుందని చెప్పాలా?
లేకపోతే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి
రేపెప్పుడో నీళ్ళతో మింగే మాత్రలో
ఉండకూడనిది లేదని
లోకంలో అందరికంటే ముందు తెలిసేది మనకేనని,
రాత్రి రెండున్నరకు, ముక్కు కారుతుండగా?

అప్పుడే గీత లేచింది.
నిటారుగా. పక్కన ఏమీ లేదు.
వాడు ఊపిరి బిగబట్టాడు.
నేనూ బిగబట్టాను, ఆరేళ్ళ తర్వాత కూడా.
జవాబు అడగడం వాడు మరిచిపోయాడు,
నేను గుర్తు చెయ్యలేదు.

పొద్దున ఆరున్నరకు షిఫ్టు బస్సు
బొమ్మసంద్ర సిగ్నల్లో ఆగింది.
పక్కనే స్కూటర్, నీలం క్యాన్లు, ఓబులేసు.
కిటికీ జరిపి "ఎంత?" అని అరిచాను.
"ఏడు పాయింట్ ఆరు!" అన్నాడు.

ఫినాయిల్ అంత చవకా అని
వెనక సీటాయన ఆశ్చర్యపోయాడు.