కూతవేటు

మొదట వృత్తలేఖినితో గీశాను,
గ్దాన్‌స్క్ పటం మీద ఒక సున్నా.
నాలుగు వందల మీటర్లు.
రొట్టెల కొట్టు, మందుల షాపు, బడి
అన్నీ లోపలే పడ్డాయి.

బొగుమీవా కళ్లజోడు సర్దుకుని
సున్నాకేసి కాసేపు చూసింది.
"ఇది కాకికి గీశావు" అంది.
"నాకు రెక్కల్లేవు.
ఉన్న రెండు మోకాళ్లలో ఒకటి ఇనుముది."

మర్నాడు ఆమె వెనకే నడిచాను.
జనవరి. కాలిబాట మీద గాజులా గడ్డకట్టిన మంచు.
ఆరు వరసల రోడ్డు.
పచ్చదీపం పదకొండు సెకన్లు.
ట్రామ్ పట్టాల దగ్గరే చిక్కుబడిపోయింది,
ఖాళీ సంచి గుండెకు హత్తుకుని.
అవతలి గట్టునుంచి
రొట్టెల వాసన ఒక్కటే దాటి వచ్చింది.

ఆఫీసుకొచ్చి సున్నా చెరిపేశాను.
ఆమె అడుగులతో మళ్లీ గీస్తే
ఎలుక కొరికిన రొట్టెముక్క వచ్చింది.

ఏడేళ్లు.
రెండు వరసలు తవ్వి లిండెన్ మొక్కలు నాటాం,
మూడు చచ్చాయి.
ఆమె మెట్ల కింద, పాత సైకిళ్ల గదిలో
వీతోల్ద్ పచారీ కొట్టు పెట్టాడు.
పెనం మీద ఉల్లిపాయ ఎర్రబడేలోగా
దిగి ఉప్పు తెచ్చుకోవచ్చని
నివేదికలో రాశాను కూడా.

నిన్న చూసొద్దామని వెళ్లాను.
ఉప్పు కోసం దిగిన మనిషి
బెంచీ మీద యద్వీగా పక్కన కూర్చుని
ఎవరి పిల్లాడిదో ఊడిన పాలపన్ను
అరచేతిలో తిప్పి తిప్పి చూస్తోంది.
నలభై నిమిషాలు.
మూడో అంతస్తు కిటికీలోంచి మాడు వాసన.

లెక్క మళ్లీ తప్పింది.
పైనుంచి మొగుడు జెనన్ కేకలు,
కార్లు లేని వీధి మొత్తానికి వినిపిస్తున్నాయి,

ఆమెకు తప్ప.