కొలతల పుస్తకం

ఈ ఊళ్లో ఎవరి సంగతైనా
నాకు ముందు నడుము దగ్గరే తెలుస్తుంది.

రొట్టెల పొయ్యి దగ్గర పనిచేసే జెర్వేజ్
ఏప్రిల్లో లంగా రెండు వేళ్లు వదులు చెయ్యమంది.
మేలో మళ్లీ రెండు.
జూన్‌లో తలుపు వేసి, గొంతు తగ్గించి, కబురు చెప్పింది.
అప్పటికే నేను కుచ్చెళ్లు విప్పి
పొట్టకి చోటు వదిలి
ఇస్త్రీ కూడా చేసి పెట్టాను.

న్యూ బ్రన్స్‌విక్‌లో, నది ఉప్పునీళ్లలో కలిసే చోట
కర్రల కంచె వెనక మా ఊరు.
పదకొండు ఇళ్లు, ఒక కొలిమి, రెండు ఎద్దులు,
పెద్దలకి టికెట్టు పద్దెనిమిది డాలర్లు.
ఇక్కడ ఎప్పుడూ పదిహేడు వందల ఎనభై ఐదే.
సాయంత్రం ఐదు దాటాక మాత్రం
అందరూ కార్లెక్కి ఇళ్లకు పోతారు.

నేనుండేది బట్టల గదిలో, ట్యూబులైటు కింద.
నాది ఏ శతాబ్దమో ఎవరూ అడగరు.
నెలనెలా సిబ్బంది వార్తలు రాసేదీ నేనే,
టీ గదిలో మైక్రోవేవ్ పక్కన అంటించే కాగితం.
ఒక్క పేజీ.
రెండో పేజీ అంటే డైరెక్టరుకి పడదు.

ఎడమ ఎద్దు మార్కీకి గిట్ట వాపు తగ్గింది.
ఉన్ని ఏకే ఇంట్లో పొగ అలారం మళ్లీ మోగింది,
దయచేసి దాని మీద గంప బోర్లించకండి.
ఫ్రిజ్‌లో ఇతరుల పెరుగు తింటున్న వారు ఎవరైనా సరే, మానాలి.
కమ్మరి థియోటిమ్ కార్మియే పదవీ విరమణ.

ముప్పై ఒక్కసార్లు
అదే ఏడాది బతికాడు ఆ మనిషి.
ఏడాది ముసలిదవలేదు, ఆయనయ్యాడు.
సుత్తి మోతకి చెవులు పోయాయి.
కుడి భుజం అంగుళం కిందికి జారింది,
చొక్కాలో గుడ్డముక్క పెట్టి సరిచేస్తూ వచ్చాను,
ఆయనకి చెప్పలేదు.

కాగితంలో పట్టనిది ఇంకొకటుంది.

క్లెలీ, వెన్న చిలికే పిల్ల. ఇరవై రెండేళ్లు.
వేషంలో ఉండగా ఫోను ఉండకూడదు,
తొమ్మిదో రూలు, ఎర్ర అక్షరాల్లో.
మే నెలాఖరున వచ్చి నా బల్ల ముందు నిలబడింది.
అమ్మ మాంక్టన్ ఆస్పత్రిలో ఉంది, అంది.
అంతే అంది.
నేనేమీ అనలేదు, నోట్లో గుండుసూదులున్నాయి.
లోపలి లంగాకి, తొడ పక్కన, అరచేయంత జేబు కుట్టాను,
రెండు పొరల ఉన్ని వేసి
మోత బయటికి రాకుండా.

గురువారం బస్సునిండా బడిపిల్లలు.
ఆ కాలంలో ఉప్పు ఎంత ప్రియమో చెబుతుంటే
తొడ దగ్గర వణికిందట.
కవ్వం ఆపలేదట.
వెన్న తేలిందాకా చిలికి, కడిగి, చెక్క అచ్చులో అదిమి
రొట్టెముక్కల మీద రాసి
ఒక్కొక్కరికీ ఇచ్చిందట.
ఓ పిల్లాడు, మూతికి వెన్నతో, అడిగాడట:
ఇక్కడ ఎవరైనా దూరాన చనిపోతే
మీకెలా తెలుస్తుంది?
కబురు నడిచి వస్తుంది, అందట. మూడు రోజులు.
ఆ మూడు రోజులూ
వాళ్లు బతికే ఉంటారు.

నా గదికి వచ్చి ముడి విప్పమంది.
వేళ్లనిండా జిడ్డు.
ఫోను నేనే తీసి బల్ల మీద బోర్లా పెట్టాను.
ఇద్దరం చాలాసేపు
దాని వీపు చూస్తూ కూర్చున్నాం.

నాలుగు వాక్యాలు రాసి నాలుగూ కొట్టేశాను.
చివరికి అంటించింది ఇది:
క్లెలీ పది రోజులు సెలవు. వెన్న పనికి మనిషి కావాలి.

తెల్లారేసరికి కింద ఒక పేరు,
మేకుతో గీసినట్టున్న పెద్దక్షరాల్లో.
కొలతల పుస్తకంలో కొట్టేసిన పేరే,
మళ్లీ రాసుకున్నాను.
చిలకడం వచ్చా అని చేతులతో అడిగాను.
రాదన్నాడు.
నడుముకి టేపు చుడుతుంటే, నెమ్మదిగా,
నాకూ అలాంటి జేబు ఒకటి కుట్టు, అన్నాడు.
ఆ పిల్ల ఫోను చేస్తుందేమో.
వినపడదు గానీ
వణికితే తెలుస్తుంది.